పల్యాణ ధర్మము

గుర్రమునకును రౌతునకును నడుమ నుండు వస్తువు పల్యాణము. లోకవ్యవహారమున దానినే జీను అందురు. చూచుటకు అది స్వల్పవస్తువు. కొయ్య, తోలు, ఉన్ని, కొంత ఇనుము తప్ప అందులో మరేమియు లేదు. అయినను దానిని చేయబూనిన పనివానికి మొదటనే ఒక ప్రశ్న ఎదురగును. కొలత ఎవరిది తీయవలెను? వెల యిచ్చి కొనువాడు రౌతు; మోయునది గుర్రము. కొనువాడు తన సుఖదుఃఖములను నోటితో చెప్పగలడు, మోయునది చెప్పలేదు. కొన్నవాడు వెల నెరుగును. మోయునది బరువు నెరుగును.

రౌతునకు మెత్తగా తోచిన పల్యాణము గుర్రపు వీపును పుండు చేయవచ్చును. గుర్రమునకు చక్కగా అమరినది రౌతును నిలువనీయక ముందునకో వెనుకకో త్రోయవచ్చును. ఇరువురకును సరిపోవునది ఎట్టిది? దానిని ఎట్లు వెదకవలెను? ఇది తోలుపనికి సంబంధించిన ప్రశ్నయే. కాని ఒకరి భారమును మరొకరు మోయుచున్న ప్రతి సంబంధమునందును ఇదే ప్రశ్న దాగియున్నది. యజమానియు సేవకుడును, అత్తయు కోడలును, గురువును శిష్యుడును, మఠమును భక్తులును, వీరందరి నడుమను కంటికి కనబడని పల్యాణ మొకటి యుండును. కావున ఈ విషయము ధర్మవిచారమునకు తగినదే.

మొదట మాటను చూతము. సంస్కృతమున పర్యాణము, పల్యయనము అను రూపములు కలవు. తెలుగు కావ్యభాషలో అది పల్యాణమైనది. కన్నడమున పకారము హకారముగా మారి హల్లణ మైనది. జీను అనునది పారసీక పదము. రౌతులతోడను గుర్రపు బేరగాండ్రతోడను వచ్చి తెలుగు పల్లెలలో స్థిరపడినది. కాలు మోపుకొను రికాబును పూర్వులు అంకెవన్నియ అనిరి. మాటలు ఇన్ని దిక్కుల నుండి వచ్చుటకు కారణము స్పష్టము. దక్షిణాపథమునకు మేలుజాతి గుర్రము ఎక్కువగా వెలుపలి నుండి వచ్చినది. దానితో పాటే దాని సాజును, ఆ సాజు పేర్లును వచ్చినవి.

ఓరుగల్లు ఈ విచారమునకు తగిన తావు. కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244-45లో మోటుపల్లి రేవున సముద్రవర్తకులకు అభయశాసనము వేయించెను. గాలివానకు ఓడ పగిలి ఒడ్డునకు చేరిన సరకును పూర్వరాజులు బలిమితో గైకొనుచుండగా, తాను నియతమైన సుంకము తప్ప మరేమియు గైకొననని ఆయన ప్రకటించెను. ఆపదలో నున్న వర్తకుడు రాజుతో వాదింపలేడు. వాదింపలేని వానిపై తనకు గల బలమును రాజు తానే తగ్గించుకొనెను. ఈ సంగతి మున్ముందు అక్కరకు వచ్చును. క్రీ.శ. 1309-10లో మాలిక్ కాఫూరు ఓరుగల్లును ముట్టడించినప్పుడు ప్రతాపరుద్రుడు సంధికి సమర్పించిన వానిలో ఏనుగులతో పాటు గుర్రములును ఉండెను. రాజ్యపు బలమును గుర్రములతో లెక్కించిన కాలమది.

వరంగల్లునకు సమీపమున బొల్లికుంట గ్రామమందలి రెండు శిల్పములు రాణి రుద్రమదేవివని పురాతత్త్వశాఖకు చెందిన పరిశోధకులు 2017లో గుర్తించిరి. ఒకదానియందు ఆమె గుర్రముపై కూర్చుండి, ఎడమచేత కళ్లెమును, కుడిచేత ఖడ్గమును ధరించి, శిరముపై ఛత్రము కలదియై కనబడును. ఆమె మరణమును తెలుపు చందుపట్ల శాసనము క్రీ.శ. 1289 నాటిది. చూపరి కన్ను ముందుగా ఖడ్గముపై నిలుచును, పిదప ఛత్రముపై, ఆపై గుర్రముపై. రాణికిని గుర్రమునకును నడుమ నున్న ఆసనమును పరికించువారు అరుదు. కాని ఆ ఆసనము తప్పుగా అమరినచో ఖడ్గము గురి తప్పును, గుర్రము అడుగు తడబడును. లోకమున మహత్కార్యములన్నియు ఇట్లే ఎవరును చూడని ఒక అమరికపై నిలిచియుండును.

రుద్రమదేవి కాలమునకు చేరువలోనే దక్షిణదేశమునకు వచ్చిన మార్కో పోలో మోటుపల్లి రాజ్యము నేలిన రాణిని న్యాయప్రియురాలని కొనియాడెను. పాండ్యదేశపు తీరమును గూర్చి వ్రాయుచు అతడు వేరొక సంగతిని చెప్పినాడు. హొర్ముజు, ఏడెను మొదలగు రేవుల నుండి ఏటేట వేలకొలది గుర్రములు ఓడలలో దిగుచుండెను. రాజులు ధనరాసులు పోసి వానిని కొనుచుండిరి. కాని వానిని పోషించు తెలివి గలవారు లేకపోవుటచే ఏడాది తిరుగునప్పటికి వానిలో మిగులునవి స్వల్పమట. మరల క్రొత్త గుర్రములను కొందురు. అమ్ము వర్తకులకు ఇది లాభమే. ధర్మమునకు మాత్రము నష్టము. పల్యాణమును గూర్చి అతడు వ్రాయలేదు. అయినను అతని మాటలయందు ఒక నీతి కలదు. కొనుటకు ధనము చాలును. కాపాడుటకు ఎరుక కావలెను. ఎరుక లేనివాడు తన లోపమును దిద్దుకొనక, చచ్చినదాని స్థానమున వేరొకదానిని తెచ్చును.

ఎరుక గలవారు ఈ దేశమున లేకపోలేదు. గుర్రపు వైద్యమునకు శాలిహోత్రుడు మూలపురుషుడని పూర్వులు చెప్పిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున అశ్వాధ్యక్షుని విధులకు ఒక ప్రకరణమే కలదు. అందు గుర్రము దినమునకు నడువదగిన దూరము చెప్పబడినది. రథమును లాగు గుర్రములకు వాని శక్తిననుసరించి 6, 9, 12 యోజనములు. వీపున మోయు గుర్రములకు 5, 7½, 10 యోజనములు. ఈ భేదము ఊరక చేసినది కాదు. లాగుట వేరు, మోయుట వేరు. లాగు గుర్రమునకు బండి ఆగినప్పుడు భారము ఆగును. మోయు గుర్రమునకు నిలుచున్నను భారము వీపుపైననే యుండును. రౌతు విశ్రాంతి యనుకొను క్షణము గుర్రమునకు విశ్రాంతి కాదు. అది తెలిసియే శాస్త్రకారుడు మోయుదానికి దూరమును తగ్గించెను.

ఇక గుర్రపు శరీరము. దానికి 18 జతల ప్రక్కటెముకలు కలవు. మనుష్యునకున్నట్లు జత్రువు దానికి లేదు. ముందుకాళ్ల నడుమ దేహము కండరముల ఊయెలలో వ్రేలాడుచుండును. మెడ వీపుతో కలియుచోట మూపు ఎత్తుగా లేచియుండును. వీపు నడుమ వెన్నెముక ముండ్లు చర్మమునకు మిక్కిలి చేరువగా ఉండును. ఆ ముండ్లపై బరువు పడరాదు. వానికి ఇరుప్రక్కల పొడవుగా సాగిన కండలు గలవు. బరువు వానిపై సమముగా పరచుకొనవలెను. ముందు రెక్కయెముక అడుగడుగునకు వెనుకకు జరుగును. దాని దారికి పల్యాణము అడ్డము రాకూడదు. వెనుక కడపటి ప్రక్కటెముకను దాటి పోరాదు. అటుపై నడుమునకు ఎముకల పంజరము అండగా లేదు. ఈ హద్దులలోనే రౌతునకు చోటు.

ఈ కొలత తప్పినచో కలుగు ఫలములు తెలిసినవే. లోపలి కొయ్యచట్రము ఇరుకైనచో మూపును చీలికవలె నొక్కును. వెడల్పైనచో క్రిందికి దిగి వెన్నును తాకును. నడుమ వంపు తక్కువైనచో ముందును వెనుకను మాత్రమే ఆని, నడుమ వంతెనవలె ఖాళీ విడుచును. అప్పుడు రెండు చోట్ల బరువంతయు మోయవలసి వచ్చును. వంపు ఎక్కువైనచో ఉయ్యాలవలె ఊగుచు చర్మమును ఒరయును. ఒరిసినచోట మొదట వెంట్రుక రాలును, పిదప చర్మము చిట్లును. లోపల గాయపడినచోట తరువాత మొలచు వెంట్రుకలు రంగు కోలుపోయి తెల్లగా మొలచును. నల్లని గుర్రపు మూపుపై నాణెమంత తెల్లమచ్చలు చూచి కొందరు అది జాతిలక్షణ మందురు. అది లక్షణము కాదు; ఎవడో ఒకడు ఎన్నడో చూడక విడిచిన తప్పునకు సాక్ష్యము.

రౌతు వైపు కొలతయు స్వల్పము కాదు. ఆసనము చిన్నదైనచో అతడు వెనుక అంచుపైకి జరుగును. బరువంతయు గుర్రపు నడుముపై పడును. పెద్దదైనచో ముందునకును వెనుకకును జారుచుండును. ప్రతి జారుడునకు గుర్రము తన అడుగు సరిచేసికొనవలెను. రికాబు పట్టెలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి యైనచో రౌతు ఒకవైపునకు ఒరుగును. గుర్రపు వెన్ను దినదినము ఆవైపునకే శ్రమించును. అనగా రౌతు అసౌఖ్యము రౌతుతో ఆగదు. అది క్రిందికి దిగి గుర్రపు బాధగా మారును. అట్లే గుర్రపు బాధయు పైకి వచ్చి రౌతునకు అపాయ మగును. పుండుపడిన వీపు గల గుర్రము ఒకనాడు ఎగసి రౌతును పడద్రోయును. ఇరువురిలో ఏ యొకరి కీడును రెండవవారికి మేలు కాజాలదు.

ఇచ్చట మొదటి ధర్మసూక్ష్మము తెలియవచ్చును. ఇరువురకును సరిపోవుట యనగా ఇరువురును చెరిసగము నష్టపోవుట యని లోకమనుకొనును. కొలతలో కొంత గుర్రమునకు, కొంత రౌతునకు విడిచి, నడిమి అంకెను పట్టుకొన్నచో న్యాయమని తలచును. మంచి పల్యాణము అట్లు పుట్టదు. దాని అడుగుతలము గుర్రపు వీపునే అనుసరించును. పైతలము రౌతు దేహమునే అనుసరించును. నడుమ నున్న చట్రము ఈ రెండు రూపములను కలుపును. దానియందు ఎవరి రూపమును కోసివేయరు. ఇంటిలో అత్తాకోడండ్రకు తగవు వచ్చినప్పుడు పెద్దలు ఇద్దరిని చెరిసగము తగ్గుమందురు. కొంతకాలమునకు ఇద్దరికిని ఒరుపు మిగులును. కోడలికి ఏది బరువో, అత్తకు ఏది ఆధారమో వేరువేరుగా తెలిసికొని, ఆ రెంటికిని తగిన ఏర్పాటు చేయుట కష్టమైన పని. కాని అదియే నిజమైన కొలత.

రెండవ సూక్ష్మము క్రమమునకు సంబంధించినది. ఇద్దరి కొలతయు కావలెను, నిజమే. అయినను మొదట ఎవరిది? నేర్పరియైన పనివాడు మొదట గుర్రపు వీపును తడిమి చూచును. పిదప రౌతును చూచును. కారణము రౌతు తక్కువవాడగుట కాదు. రౌతు సుఖము తప్పినచో దిగగలడు, గుర్రము దిగజాలదు. రౌతు చెప్పగలడు, గుర్రము చెప్పజాలదు. తప్పించుకొనలేని వాని కొలత ముందు, తప్పించుకొనగలవాని కొలత తరువాత. మోటుపల్లి శాసనమున గణపతిదేవుడు చేసినది ఇదియే. వాదింపలేని వాని పక్షమును బలవంతుడు తానే వహించెను. దయ యనునది ధర్మమునకు మూలమని బసవేశ్వరుడు బోధించెను. ఈ క్రమమును పాటించుటయే దయ. అది కన్నీరు కార్చుట కాదు. కొలత తీయునప్పుడు ఎవరి వీపు ముందు తడమవలెనో ఎరుగుట.

మూడవది, మెత్తను గూర్చిన భ్రమ. పల్యాణము ఒరయుచున్నదని తెలిసినప్పుడు చాలమంది దానిని మార్చరు. క్రింద ఒక కంబళి వేయుదురు. అది చాలకున్న రెండవ కంబళి వేయుదురు. చట్రము వెడల్పై, కొంచెము సందున్నచోట కంబళి కొంత ఉపకరించును. చట్రము ఇరుకైనచోట ప్రతి కంబళియు బిగువును పెంచును. ఇరుకు చెప్పు తొడిగినవాడు లోపల మందపు గుడ్డ చుట్టుకొన్నట్లగును. లోకమున దానము తరచుగా ఈ కంబళివంటిది. కూలివానికి తగిన కూలి ఈయక, పండుగనాడు బట్టలు పెట్టుదురు. పెట్టిన చేయి తాను ఉపకారము చేసితినని తలచును. పుచ్చుకొన్నవాడు కృతజ్ఞుడై యుండవలెనని కోరును. ఇరుకు మాత్రము ఇరుకుగనే యుండును. శరణులు కాయకమును ముందుంచి దాసోహమును దానితో ముడివేసినది ఇందుకే. కష్టమునకు తగిన ఫలము దక్కని చోట దాసోహము వేరూనదు. చట్రము సరిచేసిన పిదప కంబళి వేసినచో శోభ. చట్రమునకు బదులుగా వేసినచో వంచన.

నాల్గవది, మౌనము. గుర్రమునకు అలవాటైనది, ఇక నొప్పి యుండదని రౌతు చెప్పును. అలవాటగుట వేరు, నొప్పి పోవుట వేరు. గుర్రము మాటాడదు గాని తెలుపకపోదు. పల్యాణము తెచ్చునప్పుడు చెవులు వెనుకకు వాల్చును. కడుపుపట్టెడ బిగించునప్పుడు తల త్రిప్పి కరువ జూచును. ఎక్కబోవునప్పుడు వీపు క్రిందికి దింపును. వీనిని పొగరు అందురు, మొండితన మందురు, కొరడా తెత్తురు. బాధను తెలుపు గురుతులకు దుర్గుణములని పేరు పెట్టుటకంటె సులభమైన అన్యాయము లేదు. ఇంటి పనిమనిషి ముభావముగా నున్నదని, కోడలు ఎదురు చెప్పుచున్నదని, శిష్యునికి వినయము తగ్గినదని పలుకునప్పుడు, పలుకువారు ఒకసారి పల్యాణమును ఎత్తి క్రింద చూడవలెను. అచ్చట ఏమియు లేకున్నచో మందలింపవచ్చును. చూడక మునుపు మందలించుట ధర్మము కాదు.

ఇచ్చట ఒక పూర్వపక్షము వచ్చును. గుర్రము నెక్కుటయే హింస కాదా? ఒక జీవి వీపుపై మరొక జీవి కూర్చుండుటకు అధికారము ఎక్కడిది? మంచి పల్యాణమును వెదకుటయనగా తప్పును మెత్తగా చేయుటయే కదా, అని. ఈ ఆక్షేపము తేలికైనది కాదు. గుర్రము తనను ఎక్కుమని ఎవరిని కోరలేదు. ఎంత చక్కని పల్యాణమైనను ఆ కోరికను పుట్టింపజాలదు. దీనికి పూర్తి సమాధానము కలదని చెప్పుట సాహసము. అయినను రెండు మాటలు చెప్పవచ్చును. అక్కర లేక ఎక్కువాడు ఎక్కకుండుటయే మేలు. ఎక్కక తప్పనివాడు, ఇది తనకు దత్తమైన హక్కని కాక, తాను చేసిన ఋణమని భావింపవలెను. హక్కనుకొన్నవాడు వీపును చూడడు. ఋణమనుకొన్నవాడు ప్రతిదినమును చూచును. ఈ దేశమున 1960లో ఏర్పడిన జంతుహింసా నివారణ చట్టము గాయమో పుండో గలిగి పనికి తగని జంతువుచే పని చేయించుటను నేరముగా చేసినది. 1965 నాటి నియమములు తట్టువకు 70 కిలోలు, గాడిదకు 50 కిలోలు మించి మోపరాదని హద్దు పెట్టినవి. చట్టము ఇంతవరకు చెప్పగలదు. కిలోలు హద్దులో నున్నను ఒరుపు ఉండవచ్చును. దానిని కనుగొనునది త్రాసు కాదు, చేయి.

రెండవ పూర్వపక్షము దీనికి ఎదురుగా వచ్చును. మోయుట గుర్రపు ప్రారబ్ధము. ఎక్కుట రౌతు పుణ్యము. మధ్య ఈ విచారమేల, అని. ఈ మాటను ఎప్పుడును ఎక్కినవాడే చెప్పును. మోయువాని నోట ఇది పుట్టినట్లు వినబడదు. జన్మముచేత ఒకరిది మోయు వీపు, ఒకరిది ఎక్కు కాలు అను వాదమును 12వ శతాబ్దమున కల్యాణమందలి శరణులు త్రోసిపుచ్చిరి. పాల్కురికి సోమనాథుడు ఓరుగల్లు సీమయందలి పాలకుర్తివాడు. ఆయన బసవపురాణమును జనులకు అందునట్టి ద్విపదలో రచించి, మాదార చెన్నయ్య మొదలగు కాయకజీవుల కథలను రాజుల కథలకంటె మిన్నగా తెలుగువారికి అందించెను. ఆ పరంపరకు చెందినవారు ప్రారబ్ధమను మాటను కంబళివలె పుండుపై కప్పరాదు.

ఇంకొక సంగతి. ఒకసారి సరిగా అమరిన పల్యాణము ఎల్లకాలము సరిగా నుండదు. గుర్రపు వీపు మారుచుండును. పచ్చిక దొరకు కాలమున బలియును, ఎండలలో తగ్గును, పనికి అలవడినకొలది కండ పెరుగును, ముసలితనమున వీపు దిగును. పల్యాణములోని ఉన్నియు ఒకప్రక్క అణగిపోవును. నిరుడు సరిపోయినదన్న మాట నేటికి ప్రమాణము కాదు. ఇంటిలోను అంతియే. ఇరువది యేండ్ల ప్రాయమున కోడలు మోసిన బరువును ఏబది యేండ్ల ప్రాయమున మోయుమనుట, ముప్పది యేండ్ల క్రింద కుదిరిన జీతముపై నేడును పని చేయుమనుట, తాత కాలపు ఆచారమును మనుమని మెడకు అట్లే తగిలించుట, ఇవన్నియు పాత పల్యాణములు. ఆచారము చెడ్డదని కాదు. అది తోలుతో చేసినదే. తోలునకు అప్పుడప్పుడు నూనె, ఉన్నికి అప్పుడప్పుడు దువ్వెన కావలెను.

పల్లెవారికి గుర్రముకంటె ఎద్దు దగ్గర. కాడి ఎద్దుల మెడను ఒరసినప్పుడు రైతు అరక ఆపి, కాడిని చెక్కి, ఎద్దును మాన్పును. తన పొలము ఆలస్యమగునని ఎరిగియు ఆపును. ఎత్తు కుదరని రెండెద్దులను ఒక కాడికి పూన్చడు. ఈ ఎరుక గ్రంథములు చదువుటచే వచ్చినది కాదు. దినమును మెడను తడమి చూచుటచే వచ్చినది. ఆ రైతే ఇంటికి వచ్చి తన కొడుకునకో కూలివానికో అదే విచారము చూపవలెనని ఎవరైన చెప్పవలసి వచ్చుట విచిత్రము.

అయితే ఉపమానమునకు ఒక హద్దు కలదు. దానిని మరచినచో ఉపమానమే అపకారి యగును. మనుష్యుడు గుర్రము కాడు. గుర్రమునకు తెలియజెప్పు నోరు లేదు గనుక రౌతు దాని వీపును చూచి ఊహింపవలెను. మనుష్యునకు నోరు కలదు. అతని విషయమున ఊహ చాలదు, అడుగవలెను. అడిగి, చెప్పినది వినవలెను. వినిన పిదప అతడు మోయనన్నచో దింపుకొనుటకు సిద్ధముగా నుండవలెను. సేవకుని బాగుగా చూచుకొనుచున్నానని గర్వపడు యజమాని తరచు మంచి రౌతువంటివాడు మాత్రమే. ఇంకను ఎదుటివానిని మనుష్యునిగా చూడలేదు. మఠసంప్రదాయములలో గురువులను పల్లకిలో ఊరేగించుట కలదు. మోయువారు భక్తితోనే మోయుదురు. అయినను భక్తితో మోయు భుజమునకును ఎముకయు చర్మమును కలవు. వారు ఇష్టపూర్వకముగా వచ్చిరా, భుజము మార్చుకొను వీలు కలదా, రేపు రామన్నచో వారి గౌరవమునకు లోపము రాదా, ఈ మూడు ప్రశ్నలను అడుగు గురువు పల్లకిలో నున్నను నేలపైననే యున్నవాడు. అడుగనివాడు నడచుచున్నను ఎవరి భుజముపైననో యున్నవాడే.

ఈ సందర్భమున శరణ హరళయ్య వృత్తాంతము స్మరణీయము. ఆయన కల్యాణమున తోలుపనిని కాయకముగా చేసికొని జీవించినవాడు. పరంపరగా చెప్పబడుచున్న కథ యిది. హరళయ్య ఒకనాడు బసవేశ్వరునకు శరణనగా, ఆయన తిరిగి రెండుమార్లు శరణనెను. తనకు దక్కినది తాను అర్పించినదానికంటె ఒక నమస్కారము మిన్న యైనదని హరళయ్య కలత చెందెను. ఆ ఋణము తీర్చుటకై ఆయనయు భార్య కల్యాణమ్మయు తమ తొడల చర్మముతో పాదరక్షలు కుట్టి తెచ్చిరి. బసవన్న వానిని తొడుగలేదు, శిరముపై నుంచుకొనెను.

ఈ కథను భక్తికి నిదర్శనముగా చెప్పుట వాడుక. దానిలో వేరొక ధర్మమును కలదు. ఆ పాదరక్షలు బసవన్న పాదములకు కొలతలో సరిపోయియే యుండును, కుట్టినవాడు నేర్పరి. కొలత సరిపోయినంతమాత్రమున తొడుగదగినవి కావని ఆయన ఎరిగెను. ఇచ్చువాడు ప్రేమతో ఇచ్చినను, ఒకరి చర్మముపై తన బరువు మోపుటకు ఆయన మనసొప్పలేదు. ఇచ్చినదానిని త్రోసివేసి ఇచ్చినవానిని అవమానింపనును లేదు. మోయుటకు సిద్ధపడినవాని ఇష్టమే ఎక్కువానికి చాలిన అనుమతి కాదు. ఎక్కువాడు తన మనస్సును గూడ అడుగవలెను. పల్యాణ ధర్మమున ఇది కడపటి మెట్టు. కొన్ని వీపులు ఎంత చక్కగా అమరినను ఎక్కదగినవి కావు.

అల్లమప్రభువు ఒక వచనమున గుర్రమును పల్యాణమును ప్రతీకలుగా వాడెను. దొరకిన గుర్రమును ఎక్క నేర్వక వేరొకదానిని కోరువారిని ఆయన అందు మందలించును. అచ్చట లోకమంతయు పల్యాణమును తానే మోసికొని అలసినట్లు కనబడును. జ్ఞానులు దీనికి గూఢార్థములు చెప్పుదురు. సామాన్య గృహస్థునకు అందు నేరుగా తోచు అర్థమొకటి కలదు. గుర్రమును నిందించి మార్చువాడు ఎన్ని గుర్రములను మార్చినను తన పల్యాణమును మాత్రము మార్చడు. పనివారిని మార్చును, కోడలిని పుట్టింటికి పంపును, శిష్యులను వెడలగొట్టును. ఒరుపు మాత్రము అతని వెంటనే వచ్చును. తుదకు దానిని మోయువారు ఎవరును దొరకక తానే మోయును.

మంచి రౌతు ప్రయాణము ముగిసిన పిదప మొదట తాను నీరు త్రాగడు. పట్టెడ సడలించి, పల్యాణమును ఎత్తి ప్రక్కన పెట్టి, వీపును చూచును. చెమట అంతటను సమముగా పట్టినదా, నడుమ ఎక్కడైన పొడిమచ్చ కలదా యని పరికించును. అరచేతితో మెల్లగా తడమి, గుర్రము ఎచ్చట ఉలికిపడునో చూచును. ఉలికిపడిన చోటును గుర్తుంచుకొని, మరునాడు ఎక్కుటకు ముందు పల్యాణమును సరిచేయును. సరిపడకున్న ఆనాడు నడచిపోవును. రాత్రి ఇష్టలింగపూజకు కూర్చుండు గృహస్థునకును, మఠాధిపతికిని ఈ పని కష్టమైనది కాదు. ఆ దినమున తన బరువు ఎవరెవరిపై ఉన్నదో ఒక్కొక్కరిని తలచి, ఎవరు ఎచ్చట ఉలికిపడిరో గుర్తుచేసికొనుట చాలును. తెల్లవారిన పిదప వారి యొద్దకు పోయి అడుగుట మిగిలిన పని.